గంగా డాల్ఫిన్లను చెవితో వెతకడం: నీటి అడుగు శబ్దాలు రికార్డు చేసే పని మొదటి నుంచి చివరి దాకా

గంగలో డాల్ఫిన్ ఊపిరి కోసం పైకి వస్తే మనకు కనిపించేది మహా అయితే ఒక సెకను. పొడవాటి ముక్కు, కాస్త వీపు, అంతే. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు, బురదనీళ్ళలోనే ఉండిపోతుంది. పడవ మీద నిలబడి లెక్కపెట్టేవాళ్ళు ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా కొన్ని తప్పిపోతాయి. చలికాలం పొగమంచులో పగలు కూడా ఏమీ కనబడదు. రాత్రి సంగతి సరేసరి.

అదే డాల్ఫిన్ నీటి కింద మాత్రం దాదాపు ఎడతెరిపి లేకుండా శబ్దం చేస్తూనే ఉంటుంది. దాని కళ్ళలో కటకం లేదు. వెలుతురు ఎటు ఉందో తెలియడమే తప్ప చూపు లేదు. చేప ఎక్కడుంది, ఒడ్డు ఎంత దూరం, ఎదురుగా వల ఉందా అన్నవన్నీ తాను పంపే క్లిక్కుల (చిటుకుల్లాంటి పొట్టి శబ్దాల) ప్రతిధ్వని విని తెలుసుకోవాల్సిందే. కాబట్టి ఆ క్లిక్కులను మనం పట్టుకోగలిగితే రాత్రీ పగలూ దాని జాడ తెలుస్తుంది. పైగా జంతువును తాకేది లేదు, తరిమేది లేదు.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. క్లిక్కులు రికార్డు చేయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. రికార్డులో ఏమీ లేనప్పుడు "ఇక్కడ డాల్ఫిన్ లేదు" అని నమ్మకంగా చెప్పగలగడమే కష్టం. 2006 నవంబరు, డిసెంబరు నెలల్లో చైనాలోని యాంగ్జీ నదిలో బైజీ అనే నది డాల్ఫిన్ కోసం రెండు ఓడలు దాదాపు 3,500 కిలోమీటర్ల మేర వెతికాయి. కళ్ళతో చూశారు, నీటి అడుగున వినే మైకులైన హైడ్రోఫోన్లతో విన్నారు. ఒక్క బైజీ కూడా దొరకలేదు. ఆ ఫలితాన్ని శాస్త్రవేత్తలు ఎందుకు నమ్మారంటే, అదే నదిలో ఉండే, డాల్ఫిన్లకు చుట్టాలైన ఫిన్‌లెస్ పోర్పస్‌లు అవే ఓడలకు కనబడ్డాయి, అవే పరికరాలకు వినబడ్డాయి. అంటే పరికరాలు పనిచేస్తున్నాయి, వినే తీరు బాగుంది, లేనిది బైజీ ఒక్కటే. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ స్థాయి నమ్మకం సంపాదించుకోవడానికే.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"డాల్ఫిన్లను అధ్యయనం చేద్దాం" అన్నది ప్రశ్న కాదు. "ఈ మడుగును డాల్ఫిన్లు రాత్రిపూట ఎక్కువ వాడుతున్నాయా?", "సరుకు ఓడ వెళ్ళిన తర్వాత గంటలో క్లిక్కులు తగ్గుతున్నాయా?", "గత ఏడాది ఎండాకాలంతో పోలిస్తే ఈ ఏడాది ఈ పాయలో వాటి రాకపోకలు మారాయా?" ఇవీ ప్రశ్నలు. మొదటిదానికి ఒకే చోట కొన్ని వారాలు రికార్డర్ ఉంచితే చాలు. రెండోదానికి ఓడల సమయాలు కూడా కావాలి. మూడోదానికి అదే చోటు, అదే నెల, అదే పరికరం, అదే సెట్టింగు ఏళ్ళ తరబడి పాటించాలి. ఎన్ని డాల్ఫిన్లు ఉన్నాయన్నది మీ ప్రశ్న అయితే ఒక్క రికార్డర్‌తో జవాబు రాదు. పడవ సర్వేతో కలిపి చేయాలి.

రెండో మెట్టు: అనుమతులు

గంగా డాల్ఫిన్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. 2009లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించారు. బిహార్‌లో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా ఉన్న విక్రమశిల గంగా డాల్ఫిన్ అభయారణ్యం 1991 నుంచి ఉంది. అభయారణ్యంలో పని అంటే ఆ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. బయట పని చేసినా అటవీశాఖకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఓడలు తిరిగే దారిలో ఏదైనా కట్టాలనుకుంటే జలమార్గాల అధికారులకూ తెలియాలి. వీటికి నెలలు పట్టవచ్చు కాబట్టి పరికరం కొనకముందే దరఖాస్తు పెట్టండి.

మూడో మెట్టు: పరికరం

గంగా డాల్ఫిన్ క్లిక్ శక్తి ప్రధానంగా 60 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, అక్కడి నుంచి పైకీ కిందికీ విస్తరిస్తుంది. మన చెవికి వినపడేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. ఏదైనా శబ్దాన్ని డిజిటల్‌గా పట్టుకోవాలంటే శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందన్నది, దాని ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. ఫోన్లు, మామూలు వాయిస్ రికార్డర్లు 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. వాటికి ఎంత మంచి హైడ్రోఫోన్ తగిలించినా ఈ క్లిక్కులు అందవు. 256 లేదా 384 కిలోహెర్ట్జ్ వద్ద రికార్డు చేయగల పరికరం తీసుకోండి.

మూడు దారులున్నాయి. తక్కువ ఖర్చులో హైడ్రోమాత్ ఉంది. అడవుల్లో గబ్బిలాల కోసం వాడే ఆడియోమాత్ బోర్డునే నీళ్ళు చొరబడని డబ్బాలో పెట్టి ఇస్తారు. 384 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. డాల్ఫిన్ ఉందా లేదా చెప్పడానికి ఇది చాలు. కానీ డబ్బా లోపలి గాలి వల్ల అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకేలా స్పందించదు కాబట్టి, రొద ఎన్ని డెసిబెల్స్ అని కొలవడానికి దీన్ని నమ్మకండి. అలా కొలవాలంటే సౌండ్‌ట్రాప్ లాంటి, క్యాలిబ్రేషన్ పత్రంతో వచ్చే రికార్డర్ కావాలి. ఖరీదు చాలా ఎక్కువ. మూడోది ఎఫ్-పాడ్. ఇది శబ్దాన్ని మొత్తంగా దాచదు, క్లిక్కుల వివరాలు మాత్రమే రాసుకుంటుంది. అందుకే నెలల తరబడి పనిచేస్తుంది. కానీ తర్వాత అనుమానం వస్తే అసలు శబ్దాన్ని మళ్ళీ విని చూసుకునే వీలుండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పూర్తి శబ్దం దాచే పరికరంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మీ తప్పులు మీరే విని పట్టుకోగలుగుతారు.

మెమరీ లెక్క ముందే కట్టుకోండి. 384 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, ఒకే ఛానెల్ అంటే సెకనుకు 768 కిలోబైట్లు. గంటకు దాదాపు 2.8 జీబీ, రోజుకు 66 జీబీ. 128 జీబీ కార్డు రెండు రోజుల్లో నిండిపోతుంది. ప్రతి అయిదు నిమిషాలకు ఒక నిమిషం మాత్రమే రికార్డు చేస్తే రోజుకు 13 జీబీ చొప్పున అదే కార్డు తొమ్మిది రోజులు వస్తుంది. బ్యాటరీ కూడా అన్నాళ్ళు నిలుస్తుందా అన్నది నదిలో కాదు, ఇంట్లో నీళ్ళ బకెట్‌లో పెట్టి చూసుకోండి.

గడియారం విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఆడియోమాత్ రకం పరికరాలు మామూలుగా అంతర్జాతీయ సమయంలో ఫైళ్ళకు పేర్లు పెడతాయి. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. ఫైలు పేరులో 203000 అని ఉంటే అది రాత్రి ఎనిమిదిన్నర కాదు, మర్నాడు తెల్లవారుజామున రెండు గంటలు. ఇది చూసుకోకపోతే రాత్రి తిరిగే డాల్ఫిన్లు మీ గ్రాఫులో సాయంత్రం తిరుగుతాయి.

నాలుగో మెట్టు: కాలం, చోటు

వర్షాకాలంలో వద్దు. వరద రికార్డర్‌ను తాడుతో సహా లాక్కుపోతుంది, మిగిలినా ఇసుకలో పూడిపోతుంది. నవంబరు నుంచి మే దాకా అనువైన కాలం. నీళ్ళు తగ్గినప్పుడు డాల్ఫిన్లు లోతైన మడుగుల్లో, రెండు నదులు కలిసే చోట, నది వంపు తిరిగి ఎదురుసుడి పుట్టే చోట గుమిగూడతాయి. ప్రవాహం నెమ్మదించే ఆ చోట్లలో చేపలు చేరతాయి, వాటి వెనకే ఇవి.

అలాగని మంచి మడుగుల్లోనే రికార్డర్లు పెడితే తప్పుడు చిత్రం వస్తుంది. వంపుల్లేకుండా తిన్నగా, లోతు తక్కువగా పారే పాయల్లో కూడా కొన్ని పెట్టాలి. డాల్ఫిన్లు తప్పక ఉంటాయని అందరికీ తెలిసిన మడుగులో ఎప్పుడూ ఒక రికార్డర్ ఉంచండి. మిగతా చోట్ల నిశ్శబ్దంగా ఉన్న రోజున ఇక్కడ క్లిక్కులు పడితే మీ సెట్టింగులు సరిగ్గా ఉన్నట్టే. యాంగ్జీలో పోర్పస్‌లు చేసిన మేలు మీకు ఈ మడుగు చేస్తుంది.

అయిదో మెట్టు: నీళ్ళలో దించడం

ఈ పని స్థానిక మత్స్యకారులతో కలిసే చేయాలి. ఏ రేవు దగ్గర ఏ నెలలో ఇసుక మేట వేస్తుందో, ఏ తావులో రాత్రి వలలు వేస్తారో వాళ్ళకు తెలిసినంత మ్యాపులకు తెలియదు. వాళ్ళ రోజుకూలి నష్టపోకుండా డబ్బు ఇవ్వండి, వచ్చిన శబ్దాలు వాళ్ళకే ముందు వినిపించండి. నీళ్ళలో దొరికిన వింత డబ్బా చూసి ఎవరైనా బెదిరిపోవచ్చు. అందుకే "ఇది సోంస్ శబ్దం రికార్డు చేసే యంత్రం, ప్రమాదం లేదు" అని హిందీలో పెద్ద అక్షరాలతో రాసి, ఫోన్ నంబరు అతికించండి. సోంస్ అన్నది అక్కడ డాల్ఫిన్‌కు ఉన్న వాడుక పేరు.

కట్టే తీరు ఇది. అడుగున ఇసుక నింపిన బస్తా లంగరుగా. దాని నుంచి తాడు, తాడు పైకొసన నీటి మట్టానికి కిందే ఉండే చిన్న తేలుడు బుడ్డి. ఈ రెంటి మధ్య, నది అడుగు నుంచి మీటరు, మీటరున్నర ఎత్తులో రికార్డర్. పైకి ఏమీ కనబడకూడదు. కనబడితే ఓడలు తగులుతాయి, లేదా ఎవరైనా లాగేస్తారు. లంగరు నుంచి ఇంకో తాడు ఒడ్డున ఉన్న వెదురు గుంజకు కట్టండి, తీసేటప్పుడు అదే ఆధారం. ఇనుప గొలుసులు, కొక్కేలు వద్దు. ప్రవాహంలో అవి ఒకదానికొకటి తగిలి రాత్రంతా టంగు టంగుమంటాయి, ఆ శబ్దం క్లిక్కుల మీద పడుతుంది. తాడు బిగుతుగా ఉంటే ఒరవడికి వీణతీగలా కంపిస్తుంది, కాబట్టి దాని చుట్టూ గుడ్డపీలికలు చుట్టండి.

దించే ముందు మూత రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయండి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్ళు లోపలికి పోతాయి, అందుకే వేలితో చుట్టూ తడిమి చూడండి. లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. హైడ్రోఫోన్ ముఖాన్ని కాస్త సబ్బునీళ్ళతో తడపండి, లేకపోతే కంటికి కనబడని గాలి బుడగలు అంటుకుని చెవిని సగం మూసేస్తాయి. చివరిగా ఫోన్‌లో సమయం చూస్తూ డబ్బా మీద వేలితో మూడుసార్లు తట్టి, ఆ సమయాన్ని పుస్తకంలో రాసుకోండి. పైకి తీశాక మళ్ళీ మూడుసార్లు తట్టండి. గడియారం ఎంత జరిగిందో, రికార్డర్ చివరిదాకా బతికి ఉందో ఈ తట్లే చెబుతాయి.

పడవలోని ఎకో సౌండర్‌ను పూర్తిగా ఆపేయాలి. లోతు కొలిచే ఆ యంత్రం కూడా క్లిక్కులే పంపుతుంది.

ఆరో మెట్టు: ఎంత దూరం వినబడుతోందో కొలవండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో ఇదే కీలకం.

డాల్ఫిన్ క్లిక్ అన్ని వైపులకూ సమంగా పోదు, ముఖం ముందు సన్నని పుంజంలా వెళ్తుంది. మీ రికార్డర్ వైపు తిరిగి ఉంటే గట్టిగా పడుతుంది, అటు తిరిగి ఉంటే దగ్గరున్నా తెలియకపోవచ్చు. పైగా గంగా డాల్ఫిన్ తన పరిమాణంలో ఉన్న సముద్రపు డాల్ఫిన్లకన్నా తక్కువ గట్టిగా క్లిక్ చేస్తుంది. వంపులు, ఒడ్లు, ఇసుకతిన్నెలు ఉన్న నదిలో దూరం నుంచి గట్టిగా అరిస్తే వచ్చేది గందరగోళపు ప్రతిధ్వనులే కదా.

కాబట్టి రికార్డర్ దించిన చోట ఒడ్డున కొంచెం ఎత్తులో ఇద్దరు కూర్చోండి. డాల్ఫిన్ పైకి తేలిన ప్రతిసారీ సమయం, లేజర్ రేంజ్‌ఫైండర్‌తో దూరం రాసుకోండి. అది తేలకముందు, తేలిన తర్వాత నిమిషంలో రికార్డులో క్లిక్కులు ఉన్నాయా చూడండి. 100 మీటర్ల లోపు ఎన్నిసార్లు పట్టింది, 200 దగ్గర, 300 దగ్గర ఎన్నిసార్లు అని పట్టిక వేస్తే మీ చెవి ఎంత దూరం పనిచేస్తుందో తేలుతుంది. నీటిమట్టం బాగా మారినప్పుడల్లా మళ్ళీ చేయాలి.

రొద కూడా ఈ దూరాన్ని మింగేస్తుంది. శబ్దం అన్ని దిక్కులా సమంగా వ్యాపిస్తుందనుకుంటే, నేపథ్య రొద 6 డెసిబెల్స్ పెరిగితే వినికిడి దూరం సగమైపోతుంది. ఓడ వెళ్తున్నప్పుడు క్లిక్కులు కనబడలేదంటే డాల్ఫిన్లు పారిపోయి ఉండవచ్చు, నోరు మూసుకుని ఉండవచ్చు, లేదా యథాతథంగా క్లిక్ చేస్తున్నా ఓడ మోతలో మన రికార్డర్‌కు అందకపోయి ఉండవచ్చు. ఈ మూడూ వేరు వేరు కథలు. రొద మట్టం కొలవకుండా మొదటి కథ రాసేయకూడదు.

ఏడో మెట్టు: కార్డు చేతికొచ్చాక

ముందు ఒరిజినల్ ఫైళ్ళను రెండు హార్డ్‌డిస్కుల్లో దాచండి, తర్వాతే ముట్టుకోండి.

ఉచితంగా దొరికే పామ్‌గార్డ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిక్ డిటెక్టర్ ఉంది. 20 కిలోహెర్ట్జ్ కన్నా కింది శబ్దాలను వడకట్టి, మిగిలిన వాటిలో క్లిక్కులు వెతకమని చెప్పాలి. కానీ మొదటి కొన్ని గంటలు మీరే చూడండి, మీరే వినండి. శబ్దాలను ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలును పదోవంతు వేగానికి తగ్గిస్తే 60 కిలోహెర్ట్జ్ క్లిక్ 6 కిలోహెర్ట్జ్‌గా చెవికి అందుతుంది. టక్... టక్... టక్ అని తీరిగ్గా మొదలై, క్రమంగా దగ్గరై, ఒక్కోసారి చివర్లో జర్రుమని ఒకటే ధారగా మారుతుంది. చేప దగ్గరికి వచ్చేసరికి క్లిక్కుల మధ్య విరామం కొన్ని మిల్లీసెకన్లకు పడిపోతుంది. ఆ జర్రు ఎక్కువగా వినబడే చోటు మేతచోటు. ఒక మడుగును కాపాడాలని వాదించేటప్పుడు డాల్ఫిన్లు ఇక్కడ తిరుగుతాయని చెప్పడం కన్నా, ఇక్కడ మేస్తాయని ఆ శబ్దం వినిపించడం ఎంతో బలంగా ఉంటుంది.

శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో క్లిక్ సన్నని నిలువు గీతలా ఉంటుంది. కదిలే ఇసుక, వాన చినుకులు, మోటారు రెక్కల దగ్గర పేలే బుడగలు కూడా అలాంటి గీతలే వేస్తాయి. తేడా వరుసలో ఉంటుంది. ఇసుక క్లిక్కులకు వరసాపాడూ ఉండవు. ఎకో సౌండర్‌ది గడియారంలా ఒకటే విరామం, ఒకటే గట్టిదనం. డాల్ఫిన్ వరుసలో విరామం మెల్లమెల్లగా మారుతుంది. అది తల అటూ ఇటూ తిప్పుతూ ఈదుతుంది కాబట్టి గట్టిదనం కూడా పెరిగి తగ్గుతుంది. ప్రతి క్లిక్ వెంటనే నీటి ఉపరితలం నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వని ఇంకో గీతగా పడవచ్చు, దాన్ని రెండో డాల్ఫిన్ అనుకోకండి.

కంప్యూటర్ చెప్పినదాన్ని పరీక్షించకుండా వాడకూడదు. ఎక్కడపడితే అక్కడి నుంచి ఓ రెండు వందల నిమిషాలు తీసి, ఇద్దరు ఒకరి జవాబు ఒకరు చూడకుండా గుర్తించండి. కంప్యూటర్ ఎన్ని లేనివాటిని ఉన్నాయంది, ఎన్ని ఉన్నవాటిని వదిలేసిందో లెక్క తీయండి. ఈ రెండో అంకె లేకుండా "లేదు" అన్న మాట చెల్లదు.

ఎనిమిదో మెట్టు: అంకెలు చెప్పే తీరు

క్లిక్కుల సంఖ్య డాల్ఫిన్ల సంఖ్య కాదు. ఒకటే డాల్ఫిన్ సెకనుకు పదుల కొద్దీ క్లిక్కులు చేయగలదు. వాడదగిన కొలత ఏమిటంటే, రికార్డు చేసిన ప్రతి వంద నిమిషాల్లో క్లిక్ వరుసలు దొరికిన నిమిషాలు ఎన్ని అన్నది. దాని పక్కన ఎన్ని గంటలు రికార్డు చేశారు, వినికిడి దూరం ఎంత, ఎన్ని నిమిషాలు రొదవల్ల పనికిరాకుండా పోయాయి అన్నవి తప్పకుండా రాయండి.

సంఖ్య కావాలంటే పడవ సర్వే చేయాలి. రెండు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూస్తారు, పడవ వెనక హైడ్రోఫోన్ల జత లాగుతారు. రెండు హైడ్రోఫోన్లకు క్లిక్ చేరే సమయంలో తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. కళ్ళకు దొరికి చెవికి దొరకనివి, చెవికి దొరికి కళ్ళకు దొరకనివి పోల్చి, రెంటికీ దొరకనివి ఎన్నో అంచనా కడతారు. 2025 మార్చిలో విడుదలైన జాతీయ సర్వేలో మన నదుల్లో 6,327 నది డాల్ఫిన్లు ఉన్నాయని తేలింది. అందులో మూడు మాత్రం పంజాబ్‌లోని బియాస్ నదిలో ఉన్న సింధు డాల్ఫిన్లు. అంత పెద్ద సర్వే ఏటా సాధ్యం కాదు. రెండు సర్వేల మధ్య ఏళ్ళలో ఏం జరుగుతోందో చెప్పగలిగేవి నదిలో ఉండిపోయే రికార్డర్లే.

తొమ్మిదో మెట్టు: ఈ శబ్దాలతో రక్షణ ఎలా

హల్దియా నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కిలోమీటర్ల మొదటి జాతీయ జలమార్గం విక్రమశిల అభయారణ్యం గుండానే పోతుంది. ఓడల రొద, ఎండాకాలపు లోతు తక్కువ నీళ్ళు రెండూ కలిసినప్పుడు గంగా డాల్ఫిన్ల మీద శారీరక ఒత్తిడి బాగా పెరుగుతుందని 2019లో వెలువడిన అధ్యయనం చూపించింది. దీన్నుంచి పనికొచ్చే డిమాండు ఏమిటంటే, ఏడాది పొడవునా ఓడలు ఆపమని కాదు, ఫలానా మడుగు దగ్గర ఫలానా నెలల్లో వేగం తగ్గించమని, డాల్ఫిన్లు మేసే గంటల్లో వెళ్ళవద్దని. ఇలాంటి నిర్దిష్టమైన కోరికకు మీ గంటలవారీ గ్రాఫు ఆధారం అవుతుంది. వలల విషయంలోనూ అంతే. ఏ గంటల్లో డాల్ఫిన్లు ఒడ్డుకు దగ్గరగా వస్తాయో చూపించి, ఆ సమయంలో చేపలు మొప్పల దగ్గర చిక్కుకునే గిల్‌నెట్లు వేయకుండా మత్స్యకారులతో ఒప్పందం కుదుర్చుకోవడం మొత్తం నిషేధం కన్నా నిలబడుతుంది.

ఏళ్ళ తరబడి ఒకే పద్ధతి పట్టుకుంటే ఏం సాధించవచ్చో మెక్సికోలోని వకీటా అనే పోర్పస్ చూపించింది. కాలిఫోర్నియా సింధుశాఖలో 2011 నుంచి ఏటా వేసవిలో ఒకే చోట్లలో క్లిక్ రికార్డర్లు పెట్టారు. ఆ చిన్న పోర్పస్ ఎంత వేగంగా తరిగిపోతోందో కళ్ళకన్నా ముందు ఆ రికార్డులే చెప్పాయి. గిల్‌నెట్ల నిషేధానికి అవి గట్టి ఆధారమయ్యాయి. నిషేధం సరిగ్గా అమలు కాలేదు, ఈనాడు వకీటాలు పదికి అటూ ఇటూగా మిగిలాయి. రికార్డర్ పెట్టే రోజునే, ఆ ఫలితాన్ని చూసి నిర్ణయం తీసుకోవాల్సిన అధికారిని కూడా పనిలోకి లాగాలని నేను గట్టిగా అనేది అందుకే.

ఒక జాగ్రత్త. డాల్ఫిన్ నూనెను చేపలకు ఎరగా వాడటం కోసం వీటిని చంపిన చరిత్ర ఉంది. మడుగుల ఖచ్చితమైన స్థానాలు, అక్కడ అవి ఉండే వేళలు సోషల్ మీడియాలో పెట్టకండి. అటవీశాఖకు, పరిశోధకులకు మాత్రమే ఇవ్వండి.

మన తీరంలో చేయాలనుకుంటే

ఈ డాల్ఫిన్‌ను 1801లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాళ్ళలో ఒకరైన విలియం రాక్స్‌బర్గ్, కలకత్తా వెళ్ళకముందు మన సామర్లకోటలో మొక్కల తోట నడిపినవాడు. గంగా డాల్ఫిన్ మన తెలుగు నేల నదుల్లో లేదు గానీ, పైన చెప్పిన పద్ధతి కాకినాడ దగ్గరి హంప్‌బ్యాక్ డాల్ఫిన్లకూ, శ్రీకాకుళం దాటాక ఒడిశాలోని చిలిక సరస్సులో ఉన్న ఇరావదీ డాల్ఫిన్లకూ పనికొస్తుంది. మార్చుకోవాల్సినవి కొన్నే. హంప్‌బ్యాక్‌లు ఈలలు కూడా వేస్తాయి కాబట్టి 20 కిలోహెర్ట్జ్ కింది శబ్దాలను వడకట్టి పారేయకూడదు. వాటి క్లిక్కులు 100 కిలోహెర్ట్జ్ దాటుతాయి, 384 కన్నా శాంప్లింగ్ తగ్గించవద్దు. ఉప్పునీరు పై ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా పీల్చేసుకుంటుంది, వినికిడి దూరం మళ్ళీ మొదటి నుంచి కొలవాలి. చిటికెలు వేసే రొయ్యలు తీరమంతా చిటపటలాడిస్తుంటాయి, వాటికోసం డిటెక్టర్‌ను విడిగా పరీక్షించాలి. గంగలో నీటిమట్టం రాసుకున్నట్టు ఇక్కడ ప్రతి రికార్డు పక్కన పోటు, పాటు వేళలు రాసుకోండి. చిలిక ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులున్నారు, పని అక్కడ మొదలుపెడితే ముందు వాళ్ళతో మాట్లాడండి.